సొరంగ తవ్వకం వలన నేల కుంగుబాటు

మెత్తని నేలలో తక్కువ లోతున సొరంగం తవ్వినపుడు, దాని పైనున్న భూతలం కొద్దిగా క్రిందికి దిగుటను నేల కుంగుబాటు అంటారు. నగరాలలో మెట్రో రైలు మార్గాలు, మురుగునీటి గొట్టాలు వేయుటకు ముందు ఈ కుంగుబాటు ఎంత ఉండునో లెక్కకట్టడం తప్పనిసరి. కుంగుబాటు కొన్ని మిల్లీమీటర్లే అయినా, అది అన్నిచోట్లా సమానంగా ఉండదు కనుక పైనున్న ఇళ్ళ గోడలు బీటలు వారవచ్చును.

కారణాలు

సొరంగం ఆక్రమించే స్థలం కంటే త్రవ్వి బయటకు తీసే మట్టి ఎప్పుడూ కొంచెం ఎక్కువగానే ఉంటుంది. ఈ అదనపు భాగాన్ని ఘనపరిమాణ నష్టం అంటారు. దీనికి ముఖ్య కారణాలు:

* తవ్వకపు ముఖం వద్ద మట్టి సొరంగంలోనికి జరుగుట.
* యంత్రపు కవచం కంటే రంధ్రం కొద్దిగా పెద్దదిగా ఉండుట.
* కాంక్రీటు వలయాలకు, మట్టికి మధ్య మిగిలిన ఖాళీ సిమెంటు ద్రవంతో పూర్తిగా నిండకపోవుట.
* భూగర్భజలం సొరంగంలోనికి కారి, బంకమట్టి కాలక్రమాన కుదించుకుపోవుట.

మెత్తని బంకమట్టిలో, జాగ్రత్తగా నడిపిన ఆధునిక యంత్రంతో ఈ నష్టం సాధారణంగా సొరంగపు అడ్డుకోత వైశాల్యంలో 1 నుండి 2 శాతం ఉంటుంది.

పెక్ పద్ధతి

అమెరికా ఇంజనీరు రాల్ఫ్ పెక్ 1969లో మెక్సికో నగరంలో జరిగిన మృత్తికా యాంత్రికశాస్త్ర సమావేశంలో ఒక సులభ పద్ధతిని ప్రతిపాదించాడు. సొరంగానికి అడ్డంగా కొలిచిన కుంగుబాటు, తలక్రిందులు చేసిన గంట ఆకారంలో ఉంటుంది. ఇది గణాంకశాస్త్రంలో విద్యార్థులు చదువుకునే సామాన్య విభాజన వక్రమే. ఆ వక్రపు ప్రామాణిక విచలనాన్ని ఇక్కడ వెడల్పు పరామితి అంటారు.

గరిష్ఠ కుంగుబాటు = కోల్పోయిన ఘనపరిమాణం ÷ (2.5 × వెడల్పు పరామితి)

వెడల్పు పరామితి = నేల గుణకం × సొరంగ మధ్యరేఖ లోతు

రెండవ సూత్రాన్ని ఓరైలీ, న్యూ అనువారు 1982లో బ్రిటన్‌లోని కొలతల ఆధారంగా ఇచ్చారు. నేల గుణకం బంకమట్టికి సుమారు 0.5, ఇసుకకు 0.25 నుండి 0.35 వరకు ఉంటుంది.

ఉదాహరణ

6 మీటర్ల వ్యాసం గల సొరంగం బంకమట్టిలో 15 మీటర్ల లోతున ఉన్నదనుకొందాం. దాని వైశాల్యం 28.3 చదరపు మీటర్లు. నష్టం 1 శాతమైతే, సొరంగపు ప్రతి మీటరు పొడవుకు 0.283 ఘనపు మీటర్ల మట్టి తరుగుతుంది. వెడల్పు పరామితి 0.5 × 15 = 7.5 మీటర్లు. కనుక గరిష్ఠ కుంగుబాటు 0.283 ÷ (2.5 × 7.5) = 0.015 మీటర్లు, అనగా 15 మి.మీ. దాని ప్రభావం మధ్యరేఖకు ఇరువైపులా సుమారు 22 మీటర్ల వరకు ఉంటుంది. మధ్యరేఖ నుండి 7.5 మీటర్ల దూరాన వాలు అత్యధికం: సుమారు 820కి 1.

1988లో రాంకిన్ ఇచ్చిన వర్గీకరణ ప్రకారం కుంగుబాటు 10 మి.మీ. లోపు, వాలు 500కి 1 కంటే తక్కువ ఉంటే ముప్పు లేనట్లే. మన ఉదాహరణలో వాలు సరిపోయింది, కుంగుబాటు మించింది. అందువలన ఆ వీధిలోని పాత కట్టడాలను విడిగా పరిశీలించాలి. నష్టం 2 శాతమైతే కుంగుబాటు 30 మి.మీ. అవుతుంది, వాలు కూడా హద్దు దాటుతుంది.

పద్ధతి పరిమితులు

ఈ లెక్క సజావుగా సాగే తవ్వకానికే వర్తిస్తుంది. 2017 ఏప్రిల్ 9న చెన్నైలోని అణ్ణా సాలైపై, క్రింద మెట్రో సొరంగం తవ్వుతుండగా రోడ్డు హఠాత్తుగా కూలి ఒక బస్సు, ఒక కారు గుంతలో పడ్డాయి. 2019 ఆగస్టు 31న కోల్‌కతాలోని బౌబజారు వద్ద నీరున్న పొర నుండి నీరు, మట్టి సొరంగంలోనికి చొరబడటంతో ఇళ్ళు దెబ్బతిన్నాయి, కొన్ని కూలిపోయాయి. ఇటువంటి ప్రమాదాలను ఏ వక్రమూ ముందుగా చెప్పజాలదు. వాటిని నివారించుటకు దగ్గర దగ్గరగా మట్టి పరీక్షలు, యంత్రంపై నిరంతర నిఘా అవసరం. 2025 ఫిబ్రవరి 22న కూలిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కొండ క్రింద చాలా లోతున రాతిలో ఉన్నది కావున ఈ కోవలోనికి రాదు.

నల్లరేగడి నేలలు

నిజామాబాద్ జిల్లాలో బోధన్ పరిసరాలు నిజాంసాగర్ కాలువల నీటితో చెరకు సాగుకు పేరుపొందాయి. 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఈ ప్రాంతంలో మెట్రో సొరంగాలు లేవు. కాని రోడ్డు లేదా రైలు కట్ట క్రింద గొట్టాన్ని నెట్టి అమర్చుట కూడా చిన్న సొరంగమే. 1.2 మీటర్ల గొట్టం 3 మీటర్ల లోతున, 2 శాతం నష్టంతో వేస్తే పై సూత్రం ప్రకారం కుంగుబాటు సుమారు 6 మి.మీ.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని పగుళ్ళిస్తుంది. ఏ సొరంగమూ లేకున్నా ఇళ్ళ గోడలు వేసవిలో బీటలిస్తాయి. పని మొదలైన తరువాత మాత్రమే కొలిస్తే, బీట గొట్టం వలన వచ్చినదో, నేల స్వభావం వలన వచ్చినదో తేల్చలేము. నష్టపరిహారం అడిగే ఇంటి యజమానికీ, పని చేయించేవారికీ ఇది ముఖ్యమైన విషయం. కనుక వీలైతే ఒక వానాకాలం, ఒక వేసవి ముందుగానే గోడలపై గుర్తులు పెట్టి మట్టాలు నమోదు చేయాలి. ఉన్న బీటలను తేదీతో ఫోటో తీసి ఉంచాలి.

ఇవి కూడా చూడండి

* నల్లరేగడి నేల
* నిజాంసాగర్
* చెన్నై మెట్రో