బీరువాలో ముందు పాడయ్యేది ఏది?

అపోహ: ఫొటో ఎంత పాతదైతే అంత ముందు స్కాన్ చేయాలి.

పాత ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కిద్దామనగానే గోడ మీది ముత్తాతగారిని కిందికి దింపుతారు. నిజానికి ఆయనకేం తొందర లేదు. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది. స్టూడియోలో సరిగ్గా కడిగిన ప్రింటు, చెమ్మ తగలకుండా ఉంటే, వందేళ్లు దాటినా నిలుస్తుంది. కలర్ ఫొటోలో ఉండేవి రసాయన రంగులు. 1970లు, 80ల నాటి ప్రింట్లలో చాలావాటికి నీలం వైపు రంగు మూసిన ఆల్బమ్ చీకట్లోనే వెలిసిపోయింది. ఆనాటి పెళ్లి ఫొటోల్లో మనుషులంతా ఎర్రబారి, పెళ్లికూతురి చీర ఏ రంగో పోల్చుకోలేకుండా ఉండటానికి కారణం అదే. అందుకే ముత్తాత కంటే ముందు అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్ తీయండి.

అంతకన్నా తొందరైనది ఇంకొకటుంది: బిడ్డ కడుపులో ఉండగా తీసిన స్కానింగ్ బొమ్మ. అది అచ్చయ్యేది థర్మల్ కాగితం మీద. దానికి వేడి తగిలితే నల్లబడే పూత ఉంటుంది; ఏటీఎం స్లిప్పుదీ అదే జాతి. కొన్నేళ్లకే వెలిసిపోవచ్చు. దానికోసం స్కానర్ దొరికేదాకా ఆగక్కర్లేదు. పగటి వెలుతురులో ఫోనుతో ఫొటో తీసి పెట్టుకున్నా చాలు.

అపోహ: లామినేషన్ చేయిస్తే ఇక ఢోకా లేదు.

జిరాక్స్ షాపుల్లోని లామినేషన్ మిషన్లు చేసినంత హాని మన ఫొటోలకు చెదలు కూడా చేయలేదేమో. స్కానింగ్ బొమ్మను అందులో పెడితే ఆ వేడికి కాగితమంతా నల్లబడి బయటికొస్తుంది. మామూలు ఫొటో నల్లబడదు గానీ, కరిగిన జిగురు పట్టేశాక మళ్లీ విడదీయలేం. ప్లాస్టిక్ పొర పైకెత్తి ఫొటో అంటించే ఆల్బమ్‌లదీ ఇంచుమించు ఇదే తంతు. ఏళ్లు గడిచేకొద్దీ జిగురు పసుపెక్కి ఫొటోను వదలదు. రాకపోతే పీకొద్దు, పేజీ మొత్తంగా స్కాన్ చేయండి. చెమ్మకు ఫొటో మీది జెలటిన్ పొర మెత్తబడి ఫ్రేము అద్దానికి అతుక్కుపోయినా అంతే. అద్దంతో సహా స్కాన్ చేయించడమే క్షేమం.

అపోహ: ప్రింటు ఉండగా నెగటివ్‌లు దేనికి?

అసలుది నెగటివే, ప్రింటు దాని నకలు. మామూలు నెగటివ్ 24 బై 36 మిల్లీమీటర్ల ముక్క కాబట్టి 2400 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయాలి. పోస్టుకార్డంత ప్రింటుకు 600 చాలు. ఇంకా పెంచితే పెద్దగా కనిపించేది కాగితం గరుకే.

అపోహ: పెళ్లి క్యాసెట్ సీడీలోకి ఎక్కించాం, పనైపోయింది.

షాపులో రాసిచ్చిన సీడీలో సమాచారం ఒక రంగు పొరలో ఉంటుంది. వేడికి, వెలుతురుకి అది చెడుతుంది. తెరుచుకుంటున్నప్పుడే హార్డ్‌డిస్కులోకి మార్చుకోండి. క్యాసెట్ ఇంకా అలాగే ఉంటే అసలు ఆలస్యం వద్దు: చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆ పని ఆపేసింది. ఇప్పుడు పాత మిషన్లే దిక్కు. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే ఇంట్లో వేసి చూడకుండా తెలిసినవాళ్లకివ్వండి.

అపోహ: వాట్సాప్ గ్రూపులో పెట్టేశాం, అందరి దగ్గరా ఉన్నట్టే.

మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపితేనే అసలు ఫైలు వెళ్తుంది. ఇక గూగుల్ ఫొటోస్ అంటారా, 2021 జూన్ 1 నుంచి అక్కడ ఉచితంగా దక్కేది 15 జీబీ, అందులోనే జీమెయిల్, డ్రైవ్ కూడా సర్దుకోవాలి. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాను తొలగించే నిబంధన కూడా ఉంది. పోయిన పెద్దాయన ఖాతాలోనే ఫొటోలన్నీ ఉన్న ఇళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి వేరే ఊళ్లో ఉండాలన్నది పాత లెక్కే. గుంటూరులో ఒక హార్డ్‌డిస్కు, డల్లాస్‌లోని చెల్లి దగ్గర ఇంకొకటి ఉంటే సగం పని అయినట్టే.

అపోహ: చిరిగిన ఫొటోను ఏఐ మళ్లీ అసలులా చేస్తుంది.

చిరిగినచోట ఏముండేదో దానికి తెలియదు, ఊహించి నింపుతుంది. నాయనమ్మ ముక్కుపుడకను మరకనుకుని చెరిపేయొచ్చు, కళ్లు ఎవరివో పెట్టొచ్చు. సరదాకి చేయించుకోండి, కానీ ముట్టని స్కాన్ ఫైలును విడిగా దాచండి.

అపోహ: స్కాన్ అయ్యాక ఒరిజినల్స్ పారేయొచ్చు.

ఫైళ్లన్నీ పోయిన రోజున మిగిలేవి అవే. నీళ్లలో మునిగిన ఫొటోలు కూడా అన్నీ పోయినట్టు కాదు: 2011 సునామీ తర్వాత జపాన్‌లో వాలంటీర్లు బురదలో దొరికిన ఫొటోలను లక్షల్లో కడిగి ఆరబెట్టారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఇళ్లలోకి వచ్చినట్టు ఎక్కడైనా నీరొస్తే, తడి ఫొటోలను దొంతరగా ఆరనివ్వకండి, అట్టకడతాయి. చల్లటి మంచినీళ్లలో ఉంచి, మెల్లగా విడదీసి, బొమ్మ పైకుండేలా నీడలో పరచండి.

పిల్లల వెండి పట్టీలు, మొలతాడు, విరిగిన పలక స్కానర్‌లో పట్టవు. వాటిని రెండు మూడు వైపుల నుంచి ఫొటో తీసి, అవి ఎవరివో అమ్మమ్మ చెబుతుంటే ఫోనులో రికార్డు చేయండి. ఫొటో వెనక వైపు కూడా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, చేతిరాత ఉండేది అక్కడే. పేర్లు రాయాలనుకుంటే బాల్‌పెన్ వద్దు, ఒత్తిడికి బొమ్మ మీద గీతలు తేలతాయి. మెత్తటి పెన్సిల్‌తో, ఎడమ నుంచి కుడికి, ‘పెద్దత్త’ అని కాకుండా అసలు పేరు రాయండి.