రంగంలో కోరంగీ, స్వదేశంలో బర్మావాడు

రంగూనును మన కళింగాంధ్రులు ‘రంగం’ అన్నారు. శ్రీకాకుళం, విజయనగరం సీమలలో వానలు చాలని ఏడు చోడి అంబలికైనా కరవైన కూలీ, కళింగపట్నం రేవులో ఓడనెక్కి, రంగంలో బియ్యపు బస్తాలు మోసి వరియన్నం తిన్నాడు. గోదావరి చెంతనున్న కోరంగి రేవును కంట చూడని వానిని సైతం బర్మీయులు ‘కోరంగీ’ అనే పిలిచారు. 1930 మే నెలలో రేవుపనికై జరిగిన కొట్లాటలలో ఆ పేరే ప్రాణాలమీదికి తెచ్చింది.

బ్రిటిషు ఇండియాలో భాగమైన బర్మా 1937లో విడివడి, చట్టరీత్యా పరదేశమైంది. అలవాటైన వీథి మాత్రం పరాయిది కాలేదు. 1962లో సైనికప్రభుత్వం ఏర్పడి, 1964లో అంగళ్లను జాతీయం చేసిన పిమ్మట ఎన్నో కుటుంబాలు తిరిగివచ్చాయి. విశాఖపట్నం కంచరపాలెంలో వారి నివాసానికి ‘బర్మా క్యాంపు’ అనే పేరు నిలిచింది. అక్కడ పుట్టి పెరిగిన బిడ్డలకు తాతల ఊరే పరదేశమైంది. పోయినచోట చూడని ఊరి పేరు, వచ్చినచోట విడిచిన దేశపు పేరు వారికి దక్కాయి.