మీకు తెలుసా? మాంద్యంలో బర్గర్ లెక్క

చేతిలో డబ్బు ఆడనప్పుడు జనం బయటి తిండి మానేస్తారనుకుంటాం. కానీ 2008లో అమెరికాని మాంద్యం కుదిపేసినప్పుడు, డౌజోన్స్ సూచీలోని 30 కంపెనీల్లో ఆ ఏడాది షేరు ధర పెరిగినవి రెండే రెండు. ఒకటి సరుకులమ్మే వాల్‌మార్ట్, రెండోది బర్గర్లమ్మే మెక్‌డొనాల్డ్స్! అంటే వంటింటికీ గిరాకీ ఉంది, చవక తిండికీ ఉంది.

ఆ చవక ఎలా నిలబడిందో చూడండి. మెక్‌డొనాల్డ్స్‌కి డబుల్ చీజ్‌బర్గర్ డాలర్‌కి గిట్టుబాటు కాలేదు. దాని రేటు పెంచి, రెండు చీజ్ ముక్కల్లో ఒకటి తీసేసిన బర్గర్‌ని ‘మెక్‌డబుల్’ పేరుతో డాలర్‌కి పెట్టారు. టిఫిన్ సెంటర్లో రేటు అలాగే ఉండి ఇడ్లీ చిన్నదైపోవడం మనకి మాత్రం కొత్తా?

ఆ రోజుల్లోనే కేఎఫ్‌సీ టీవీలో ఓ సవాలు విసిరింది. ఏడు ముక్కల చికెన్ భోజనాన్ని పది డాలర్లలోపు ఇంట్లో వండగలరా అని. ప్రకటనలో ఓ కుటుంబం సూపర్‌మార్కెట్‌కి వెళ్లి సరుకులు కొంటే బిల్లు పది దాటిపోతుంది. దాటక ఏం చేస్తుంది? పిండి, నూనె, మసాలాలు అన్నీ ఒక్కపూట కోసమే కొన్నట్టు లెక్క కడితే అంతే మరి. పిండి ప్యాకెట్టులోంచి ఆ పూటకి వాడేది గుప్పెడు, కారం రెండు చెంచాలు. మిగిలింది వచ్చే నెలదాకా వస్తుంది. పోపులడబ్బా నిండుగా ఉన్న ఇంట్లో ఆ ఖర్చు ఎప్పుడో అయిపోయింది. కాకపోతే రెండు డ్యూటీలు చేసి ఇల్లు చేరిన మనిషి పొయ్యి దగ్గర నిలబడే గంటకీ విలువ కట్టాలి. ఆ మాట మాత్రం కంపెనీ పక్షానే చెప్పాలి.

చవక తిండి ఓడిపోయిన చోటు కూడా ఉంది, అది ఐస్‌లాండ్. 2008లో అక్కడి బ్యాంకులు కుప్పకూలి, క్రోనా విలువ పడిపోయింది. మెక్‌డొనాల్డ్స్‌కి కావలసిన మాంసం, చీజ్, ఉల్లిపాయలు జర్మనీ నుంచి రావాలి. కిలో ఉల్లిపాయలకి మంచి విస్కీ సీసా ఖరీదు పోస్తున్నానని ఆ దుకాణాల యజమాని మొత్తుకున్నాడు. రేటు పెంచితే కొనేవాళ్లుండరు, పెంచకపోతే నష్టం. 2009 అక్టోబర్ 31తో మూడు దుకాణాలూ మూసేశాడు. ఆపైన ‘మెట్రో’ అని బోర్డు మార్చి, ఐస్‌లాండ్‌లో దొరికే మాంసంతోనే బర్గర్లు అమ్మాడు. మెక్‌డొనాల్డ్స్ మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టలేదు.