ప్రచారానికి పెట్టిన రూపాయి తిరిగొచ్చినట్లా, పోయినట్లా?

భీమవరం: రొయ్య ధర పడినప్పుడల్లా చెరువు గట్ల మీద వినిపించే మాట ఒకటుంది. ‘మన రొయ్య గురించి పై దేశాల్లో గట్టిగా ప్రచారం చేస్తే నాలుగు డబ్బులు రావా?’ అని. 2025లో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు వేరే దేశాల్లో కొనేవారిని వెతకక తప్పలేదు. ప్రచారం మంచిదే. కానీ ఖర్చు తిరిగి వచ్చిందో లేదో తేల్చేదెలా?

ఈ లెక్కలో నార్వే దేశం అనుభవం చూడదగ్గది. అక్కడి రైతులు సముద్రంలో వల పంజరాలు కట్టి సాల్మన్ చేపను పెంచుతారు. పురుగుల భయంతో సాల్మన్‌ను పచ్చిగా తినని జపాన్ వారికి 1980 దశకంలో నార్వే ప్రచారం చేసి ఆ రుచి అలవాటు చేసింది. ఏ కంపెనీ పేరూ లేకుండా అందరి తరఫునా ప్రచారం చేసేందుకు 1991లో ఒక మండలి పెట్టారు. దానికి డబ్బు ఎగుమతిదారులు కట్టే సుంకం నుంచే వస్తుంది. 1997లో యూరోపియన్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం, అక్కడికి పంపే సాల్మన్‌పై ఈ సుంకం 0.75 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. ఆ ఒప్పందం 2003లో ముగిసింది. ఈలోగా ఆర్థిక శాస్త్రవేత్తలు లెక్కలు తీశారు.

అమ్మకం పెరిగితే లాభమేనా?

కాదు. ఉదాహరణకు కోటి రూపాయలతో ప్రచారం చేస్తే అమ్మకం 10 కోట్లు పెరిగిందనుకుందాం. అందులో 6 కోట్లు ధర తగ్గినందువల్ల, కొనే దేశం డబ్బు విలువ పెరిగినందువల్ల వచ్చి ఉండవచ్చు. ప్రచారం తెచ్చింది 4 కోట్లే. అందులో పిల్ల, మేత, కరెంటు, ప్లాంటు, ఓడ కిరాయి మూడున్నర కోట్లయితే మిగిలేది అరకోటి. పెట్టింది కోటి. అంటే అరకోటి నష్టం!

ఎరువు వేసిన మడి పక్కన వేయని మడి ఉంటేనే ఎరువు బలం తెలుస్తుంది. ప్రచారం చేసిన దేశాన్ని చేయని దేశంతో, చేసిన ఏడాదిని చేయని ఏడాదితో పోల్చి చూసేది అందుకే.

పక్కవాడికీ వాటా

మరో చిక్కుంది. ‘సాల్మన్ తినండి’ అంటే స్కాట్లండ్, చిలీ చేపలూ అమ్ముడవుతాయి. ఖర్చు ఒకరిది, లాభం అందరిదీ. అందుకే ‘మాది’ అనే గుర్తు తప్పనిసరి.

మన వైపు ఈ పని 1972లో ఏర్పడిన, కొచ్చి కేంద్రంగా పనిచేసే ఎంపెడా చూస్తోంది. అమ్మకం ఎంత పెరిగిందన్నది ఒక్కటే కాదు, అందులో ప్రచారం వల్ల పెరిగిందెంత, ఖర్చులు పోను మిగిలిందెంత, చెరువు గట్టుకు చేరిందెంత అని రైతులు అడగాలి. ఈ మూడింటికీ జవాబు దొరికితేనే లెక్క తేలినట్లు.