బైక్ ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద ఉండే 10డబ్ల్యూ-30, ఎస్‌ఎన్, ఎంఏ2 అంటే ఏంటి? మన ఎండలకు ఏది పోయాలి?

ఫోన్ కొనేముందు ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది, ఛార్జర్ ఎన్ని వాట్లు అని పది వీడియోలు చూస్తాం. అదే లక్ష రూపాయల బైక్‌లో ఆయిల్ మార్చేటప్పుడు మాత్రం "అన్నా, మంచిది ఏదైనా పోయ్" అనేసి టీ తాగడానికి వెళ్లిపోతాం. నిజానికి ఆయిల్ డబ్బా మీద కూడా ఫోన్ బాక్స్ మీద ఉన్నట్టే స్పెసిఫికేషన్లు ఉంటాయి. అవి మూడే మూడు. ఒకసారి అర్థమైతే జీవితాంతం పనికొస్తాయి. ఈ ఆర్టికల్‌లో ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా చూద్దాం. దాంతోపాటు మా డోన్, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటుంది: "మనకు ఎండ ఎక్కువ కదా, చిక్కటి ఆయిల్ పోస్తే మంచిదా?" దానికి కూడా సమాధానం తెలుసుకుందాం.

ముందు ఒక విషయం: బైక్ ఆయిల్ మూడు పనులు చేస్తుంది

కారులో ఇంజిన్ ఆయిల్ ఇంజిన్ వరకే. గేర్‌బాక్స్‌కు వేరే ఆయిల్ ఉంటుంది, క్లచ్ పొడిగా ఉంటుంది. కానీ మన గేర్ బైకుల్లో చాలావాటికి ఇంజిన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. దీన్నే వెట్ క్లచ్ అంటారు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. పిస్టన్‌కు, క్యామ్‌కు ఆయిల్ జారుడుగా ఉండాలి. క్లచ్ ప్లేట్లకేమో పట్టు కావాలి. ఒకే ఆయిల్ ఒకచోట జారాలి, ఇంకోచోట జారకూడదు. ఈ ఒక్క పాయింట్ గుర్తుంటే మిగతాదంతా సులభం.

1. ఎస్‌ఏఈ గ్రేడ్: ఎంత చిక్కన?

10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-50 అని పెద్ద అక్షరాల్లో కనిపించేది ఇదే. ఎస్‌ఏఈ అనేది 1905లో అమెరికాలో మొదలైన ఆటోమొబైల్ ఇంజనీర్ల సంస్థ. ఈ గ్రేడ్ ఆయిల్ చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది, నాణ్యతను కాదు.

డబ్ల్యూ అంటే వింటర్, అంటే చలికాలం. డబ్ల్యూకి ముందున్న అంకె చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది. చాలామంది 10డబ్ల్యూ అంటే 10 డిగ్రీలు అనుకుంటారు. అది తప్పు. 10డబ్ల్యూ ఆయిల్‌కు స్టార్టింగ్ పరీక్ష మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూకి మైనస్ 15 డిగ్రీల దగ్గర జరుగుతుంది. అంకె ఎంత చిన్నదైతే అంత చలిలో కూడా ఆయిల్ పారుతుంది.

రెండో అంకె ఇంజిన్ వేడెక్కాక ఉండే చిక్కదనానికి సంబంధించినది. దీన్ని 100 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ అనే యూనిట్‌లో కొలుస్తారు:

- 30 గ్రేడ్: 9.3 నుంచి 12.5 లోపు
- 40 గ్రేడ్: 12.5 నుంచి 16.3 లోపు
- 50 గ్రేడ్: 16.3 నుంచి 21.9 లోపు

అంటే 30 అన్నా, 50 అన్నా డిగ్రీలు కావు, గ్రేడ్ పేర్లు మాత్రమే.

"మనకు ఎండ ఎక్కువ, 20డబ్ల్యూ-50 పోయ్" అనేది కరెక్టేనా?

మే నెలలో నంద్యాల వైపు 43, 44 డిగ్రీలు మామూలే. కాబట్టి ఈ మాటలో లాజిక్ ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ పై లిస్ట్ ఒకసారి మళ్లీ చూడండి. రెండో అంకెను కొలిచేదే 100 డిగ్రీల దగ్గర. బయట చలి ఉన్నా, ఎండ ఉన్నా, ఇంజిన్ లోపల ఆయిల్ అంత వేడిలో పని చేయడానికే తయారైంది. ఆయిల్ పంప్, ఆయిల్ వెళ్లే సన్నటి దారులు, పార్టుల మధ్య సందులు అన్నీ కంపెనీ ఒక గ్రేడ్‌ను దృష్టిలో పెట్టుకునే డిజైన్ చేస్తుంది.

10డబ్ల్యూ-30 రాసిన బండిలో 20డబ్ల్యూ-50 పోస్తే ఏమవుతుంది? వెంటనే ఏమీ అవ్వదు. బండి సౌండ్ కొంచెం మెత్తగా కూడా అనిపించొచ్చు, అందుకే చాలామంది "సూపర్‌గా ఉంది" అంటారు. కానీ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పైనున్న క్యామ్ దాకా చేరడానికి ఎక్కువ టైం పడుతుంది. నడుస్తున్నప్పుడు చిక్కటి ఆయిల్‌ను తోసుకుంటూ తిరగడానికి ఇంజిన్ ఎక్కువ శక్తి ఖర్చు పెడుతుంది. దాంతో మైలేజ్ కొంత తగ్గుతుంది.

అలాగని ఎండ ప్రభావం అసలు లేదని కాదు. గాలితో చల్లబడే ఇంజిన్లలో బయట వేడి పెరిగితే ఆయిల్ వేడి కూడా కొంత పెరుగుతుంది. అందుకే కొన్ని బైకుల మాన్యువల్‌లో వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడ్లు ఇస్తారు. మీ మాన్యువల్‌లో అలా ఉంటే, వేసవిలో అందులో ఉన్న చిక్కటి గ్రేడ్ ఎంచుకోండి. ఒకటే గ్రేడ్ రాసి ఉంటే అదే పోయండి. కంపెనీ మన దేశపు ఎండలు లెక్కలో పెట్టుకునే ఆ గ్రేడ్ రాసింది.

ఉదాహరణకు హీరో స్ప్లెండర్‌కు 10డబ్ల్యూ-30, రాయల్ ఎన్‌ఫీల్డ్ 350కి 15డబ్ల్యూ-50 వాడతారు. రెండూ అదే డోన్ ఎండలోనే తిరుగుతున్నాయి కదా. అంటే గ్రేడ్ నిర్ణయించేది ముందుగా ఇంజిన్, ఆ తర్వాతే ఊరు. మోడల్, తయారైన సంవత్సరాన్ని బట్టి కూడా మారొచ్చు కాబట్టి మీ బండి మాన్యువల్ చూడటం తప్పనిసరి.

2. ఏపీఐ గ్రేడ్: ఇది వెర్షన్ నంబర్ లాంటిది

ఎస్‌ఎల్, ఎస్‌ఎమ్, ఎస్‌ఎన్, ఎస్‌పీ అని ఉండేవి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే గ్రేడ్లు. మొదటి అక్షరం ఎస్ అయితే పెట్రోల్ ఇంజిన్, సి అయితే డీజిల్ ఇంజిన్. రెండో అక్షరం ఆండ్రాయిడ్ వెర్షన్ లాంటిది. అక్షరమాలలో ముందుకు వెళ్లేకొద్దీ కొత్తది. ఎస్‌ఎల్ 2001లో, ఎస్‌ఎమ్ 2004లో, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. కొత్త వెర్షన్‌లో సాధారణంగా మడ్డి పేరుకోకుండా, వేడికి ఆయిల్ పాడవకుండా మెరుగైన రక్షణ ఉంటుంది.

"అయితే అన్నిటికంటే కొత్తది కొంటే అయిపోతుంది కదా?" అనుకోవచ్చు. ఇక్కడే జాగ్రత్త. ఈ గ్రేడ్లు ముఖ్యంగా కార్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. కార్లకు మైలేజ్ పెంచడానికి కొన్ని పల్చటి ఆయిళ్లలో ఫ్రిక్షన్ మాడిఫయర్లు కలుపుతారు, అంటే ఆయిల్‌ను ఇంకా జారుడుగా చేసే కెమికల్స్. కారుకు అది లాభం. మన వెట్ క్లచ్‌కు అదే శత్రువు కావొచ్చు.

3. జాసో: బైక్ వాళ్లు మొదట చూడాల్సింది ఇదే

1990లలో మైలేజ్ కోసం అలాంటి కారు ఆయిళ్లు ఎక్కువయ్యాక బైకుల్లో క్లచ్ జారే సమస్య ముందుకొచ్చింది. దాంతో జపాన్ వాళ్లు 1998లో నాలుగు స్ట్రోకుల బైకుల కోసమే విడిగా ఒక స్టాండర్డ్ తెచ్చారు. అదే జాసో టీ903. ఇందులో క్లచ్ ప్లేట్ల మీద ఆయిల్‌ను పరీక్షించి, పట్టు ఎంత ఉందో కొలిచి గ్రేడ్ ఇస్తారు.

- ఎంఏ: క్లచ్‌కు కావాల్సిన పట్టు ఉంది. వెట్ క్లచ్ బైకులకు ఇదే.
- ఎంఏ1, ఎంఏ2: 2006లో ఎంఏను రెండు భాగాలు చేశారు. ఎంఏ2లో పట్టు ఎక్కువ.
- ఎంబీ: పట్టు తక్కువ. యాక్టివా లాంటి గేర్ లేని స్కూటర్లకు. వాటి క్లచ్ ఆయిల్‌లో ఉండదు, బెల్ట్ వైపు పొడిగా ఉంటుంది. కాబట్టి జారుడు ఆయిల్ వల్ల నష్టం లేదు, మైలేజ్‌కు లాభమే.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. 10డబ్ల్యూ-40 లాంటి ఆయిళ్లలో వేడికి మరీ పల్చబడకుండా పొడవాటి పాలిమర్లు కలుపుతారు. గేర్ల పళ్ల మధ్య నలిగితే అవి తెగిపోయి, ఆయిల్ త్వరగా పల్చబడుతుంది. జాసో స్టాండర్డ్‌లో దీనికి కూడా పరీక్ష ఉంది. గేర్‌బాక్స్ కూడా అదే ఆయిల్‌తో నడిచే బైక్‌కు ఇది చాలా ముఖ్యం.

డబ్బా వెనక చిన్న పెట్టెలో జాసో అని, కింద ఎంఏ2 అని ఉంటుంది. 4టీ అని పెద్దగా రాసి ఉంటే చాలదు, ఆ పెట్టె వెతకండి.

క్లచ్ జారితే ఎలా తెలుస్తుంది?

యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. చదును రోడ్డు మీద మీకు తెలియకపోవచ్చు. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే నల్లమల ఘాట్‌లో వెనక మనిషిని ఎక్కించుకుని ఎక్కుతున్నప్పుడు తెలుస్తుంది. మలుపులో, వెనక లారీ ఉన్నప్పుడు పికప్ పోయిందంటే అది మైలేజ్ సమస్య కాదు, ప్రాణం సమస్య.

అయితే జారిన ప్రతిసారీ తప్పు ఆయిల్‌దే అనుకోవద్దు. ముందు క్లచ్ కేబుల్‌లో ఫ్రీ ప్లే సరిగ్గా ఉందో లేదో చూపించండి. తర్వాత ప్లేట్లు అరిగాయేమో చూడాలి. ఈమధ్యే ఆయిల్ మార్చాక సమస్య మొదలైతే మాత్రం డబ్బా మీద జాసో గ్రేడ్ చెక్ చేయండి. తప్పు ఆయిల్ అయితే పూర్తిగా తీసేసి సరైనది పోయించాలి. ఒక్కోసారి దాంతోనే సరిపోతుంది, లేదంటే ప్లేట్లు మార్చాలి.

మన దగ్గర ఎక్కువగా అడిగే ప్రశ్నలు

*ఇంట్లో ట్రాక్టర్ ఆయిల్ మిగిలింది, బైక్‌లో పోయొచ్చా?*
వద్దు. అది ఎక్కువగా 15డబ్ల్యూ-40, సిఐ-4 లాంటి డీజిల్ గ్రేడ్. బండి నడవొచ్చు, కానీ జాసో గుర్తు లేదంటే మీ క్లచ్‌కు ఏ హామీ లేదన్నట్టే. అర లీటర్ మిగిలిందని మొత్తం క్లచ్‌ను పణంగా పెట్టడం ఎందుకు?

*స్కూటర్ ఆయిల్ బైక్‌లో?*
ఎంబీ గ్రేడ్‌ను వెట్ క్లచ్ బైక్‌లో పోయకండి. రివర్స్‌లో, అంటే ఎంఏ ఆయిల్ స్కూటర్‌లో పడితే క్లచ్‌కు ప్రమాదం లేదు, చిక్కదనం సరిపోతే చాలు.

*పాత ఆర్‌ఎక్స్100 ఉంది, దానికి?*
అది రెండు స్ట్రోకుల బండి. ఆయిల్ పెట్రోల్‌తో కలిసి మండిపోతుంది. దానికి 2టీ ఆయిల్ వేరు. జాసోలో ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని గ్రేడ్లు ఉంటాయి.

*సింథటిక్ తప్పనిసరా?*
కాదు. సింథటిక్ వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది. హైవే మీద రోజూ లాంగ్ రైడ్ చేసేవాళ్లకు, పవర్ ఎక్కువున్న బైకులకు పెట్టిన డబ్బుకు విలువ ఉంటుంది. మాన్యువల్‌లో మినరల్ ఆయిల్ చాలన్న 100 సీసీ బండికి, సమయానికి మార్చిన మామూలు ఆయిల్, మార్చకుండా వదిలేసిన సింథటిక్ కంటే వెయ్యి రెట్లు నయం.

*ఆయిల్ నల్లబడింది, పాడైనట్టేనా?*
రంగు చూసి చెప్పలేం. మసిని కడిగి తనలో ఉంచుకోవడం ఆయిల్ పని, అందుకే నల్లబడుతుంది. కానీ పాలలాగా తెల్లగా మారితే నీళ్లు చేరాయని అర్థం. వెంటనే మెకానిక్‌కు చూపించండి.

గ్రేడ్ కంటే ముందు దుమ్ము సంగతి చూడండి

డోన్, బేతంచెర్ల వైపు నాపరాయి గనులు, రాళ్లు కోసే మిషన్లు చాలా ఉన్నాయి. ఆ రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్లకు ఎండ కంటే పెద్ద సమస్య దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా లేకపోతే ఆ సన్నటి పొడి సిలిండర్‌లోకి వెళ్లి, ఆయిల్‌లో కలిసి గరుకు కాగితంలా అరగదీస్తుంది. ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా దీన్ని ఆపలేదు. దుమ్ము రోడ్ల మీద ఫిల్టర్‌ను మాన్యువల్‌లో చెప్పిన దానికంటే ముందే చూపించండి, ఆయిల్ కూడా కాస్త ముందే మార్చండి.

ఇంకో ముఖ్యమైన పని లెవల్ చెక్ చేయడం. చిన్న బైకుల్లో ఆయిల్ లీటర్ లోపే ఉంటుంది. అందులో 300 మిల్లీలీటర్లు తగ్గిందంటే దాదాపు మూడో వంతు పోయినట్టే. నెలకోసారి బండిని సెంటర్ స్టాండ్ మీద నిటారుగా పెట్టి చూడండి. ఇంజిన్‌ను కాసేపు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ తుడిచి చెక్ చేయాలి. స్ప్లెండర్ లాంటి బండ్లలో చూసేటప్పుడు డిప్‌స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే పెట్టి చూడాలి.

కొనేటప్పుడు ఇవి చూస్తే చాలు

1. మాన్యువల్‌లో రాసిన ఎస్‌ఏఈ గ్రేడ్ ఉందా?
2. ఏపీఐ గ్రేడ్ మాన్యువల్‌లో ఉన్నదేనా, లేదా దానికంటే కొత్తదా?
3. గేర్ బైక్ అయితే జాసో ఎంఏ లేదా ఎంఏ2 ఉందా? మాన్యువల్ ఎంఏ2 అంటే ఎంఏ2నే తీసుకోండి.
4. సీల్ మీ కళ్ల ముందే తెరిచారా? తయారీ తేదీ, బ్యాచ్ నంబర్ చెరిపేసినట్టు లేవు కదా?
5. ఖాళీ డబ్బాను ఇంటికి తెచ్చుకోండి, లేదా అక్కడే రంధ్రం పెట్టేయండి. మంచి కంపెనీ ఖాళీ డబ్బాల్లో నాసిరకం ఆయిల్ నింపి అమ్మే దందాకు అవే ముడిసరుకు.

బ్రాండ్ ఏదని మాత్రం ఈ లిస్ట్‌లో రాయలేదు. పై ఐదూ సరిపోతే ఏ పేరున్న బ్రాండ్ అయినా మీ బండికి పని చేస్తుంది. ఈసారి సర్వీస్‌కు వెళ్లేముందు మాన్యువల్‌లో ఆయిల్ పేజీని ఫోన్‌లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. షాపులో "మంచిది ఏదైనా పోయ్" అనే బదులు ఆ ఫోటో చూపించి "అన్నా, ఇదే గ్రేడ్ పోయ్" అనండి.