యూదు బాలల వేసవి శిబిరం

యూదు బాలల వేసవి శిబిరం అనగా సెలవులలో యూదుల పిల్లలు ఇల్లు విడిచి కొంతకాలం కలసి నివసిస్తూ, ఆటపాటలతో పాటు తమ మతాచారాలను, హీబ్రూ భాషను నేర్చుకునే వసతి శిబిరం. ఇటువంటివి అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడాలలో ఎక్కువగా కలవు. నల్లమాడ వంటి రాయలసీమ ప్రాంతాలలో వేసవి సెలవులు మే నెల ఎండలలో వస్తే, అమెరికాలో సుమారు జూన్ నుండి ఆగష్టు వరకు ఉంటాయి. అందుచేత ఈ శిబిరాలు ఆ నెలలలో, సాధారణంగా సరస్సుల ఒడ్డున, చెట్ల నడుమ జరుగుతాయి.

చరిత్ర

1881 - 1924 మధ్య తూర్పు ఐరోపా నుండి 20 లక్షలకు పైగా యూదులు అమెరికాకు వలస వచ్చారు. వీరిలో చాలామంది న్యూయార్క్ నగరంలోని ఇరుకు ఇళ్ళలో స్థిరపడ్డారు. వీరి పిల్లలకు మంచి గాలి, మంచి తిండి అందించాలని ధర్మసంస్థలు శిబిరాలు ప్రారంభించాయి. 1902లో మొదలైన సర్‌ప్రైజ్ లేక్ శిబిరం వాటిలో ఒకటి. ఆనాటి ముఖ్యోద్దేశం ఆరోగ్యమే కాని మతవిద్య కాదు.

పిల్లలు క్రమంగా తాతల భాషకు, ఆచారాలకు దూరమవడంతో ఈ ఉద్దేశం మారింది. ఆల్బర్ట్ స్కూల్మన్ 1919లో స్థాపించిన సెజ్విన్ శిబిరం విద్యకు ప్రాధాన్యమిచ్చింది. 1941లో ప్రారంభమైన మస్సాద్ శిబిరంలో రోజంతా హీబ్రూలోనే మాట్లాడేవారు; బేస్‌బాల్ ఆటకు కూడా హీబ్రూ పదాలు కల్పించుకున్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు 60 లక్షల మంది యూదులను చంపినపుడు, ఐరోపాలోని యూదు విద్యాకేంద్రాలు కూడా నాశనమయ్యాయి. దీనితో తరువాతి తరాన్ని తీర్చిదిద్దే బాధ్యత అమెరికా యూదులపై మరింతగా పడింది. 1947లో విస్కాన్సిన్ రాష్ట్రంలో మొదటి రామా శిబిరం ఏర్పడింది.

వారం రోజుల క్రమం

యూదులలోని శాఖలను బట్టి శిబిర నియమాలు మారుతుంటాయి. సాధారణంగా పిల్లలు చెక్క గదులలో ఉంటారు. ఉదయం ప్రార్థన, ఫలహారం, గదులు ఊడ్చుకోవడం, పాఠం, ఈత. భోజనం తరువాత విశ్రాంతి, ఇంటికి ఉత్తరాలు. సాయంత్రం ఆటలు, పాటలు, నాటికలు ఉంటాయి. తండ్రి కుమారునికి ఈత నేర్పాలని తాల్ముద్‌లో ఒక అభిప్రాయం కలదు. వంటశాలలో కోషెర్ నియమాలు పాటించేచోట మాంసాన్ని, పాల పదార్థాలను కలిపి వడ్డించరు. వాటి పాత్రలు కూడా వేరు.

వారానికి కేంద్రం సబ్బాతు. శుక్రవారం మధ్యాహ్నానికే పనులు ముగించి, స్నానాలు చేసి, తెల్లని దుస్తులు ధరించే ఆచారం చాలా శిబిరాలలో ఉంది. సూర్యాస్తమయానికి ముందు దీపాలు వెలిగిస్తారు. ద్రాక్షరసంపైన, హల్లా అనే జడ అల్లిక రొట్టెపైన ఆశీర్వచనాలు పలుకుతారు. నియమం గట్టిగా పాటించేచోట శనివారం నిప్పు రాజేయరు, ఉత్తరం కూడా వ్రాయరు. నక్షత్రాలు కనిపించాక అల్లిన కొవ్వొత్తి, సుగంధ ద్రవ్యాలు, ద్రాక్షరసంతో హవ్దలా జరిపి సబ్బాతును సాగనంపుతారు.

జూలై లేదా ఆగష్టులో తిషా బి-ఆవ్ అనే ఉపవాసదినం వస్తుంది. ఇది యెరూషలేము దేవాలయం రెండుసార్లు ధ్వంసమైనందుకు సంతాపదినం. ఆ రాత్రి నేలపై కూర్చుని, మసక వెలుతురులో విలాపవాక్యములు చదువుతారు. 13 ఏళ్ళలోపు బాలురకు, 12 ఏళ్ళలోపు బాలికలకు ఉపవాసం విధి కాదు. బడులు మూసి ఉండే కాలం కనుక, చాలామంది పిల్లలు ఈ దినాన్ని శిబిరంలోనే తెలుసుకుంటారు.

పరిమితులు

రుసుము ఎక్కువ కావడం ప్రధాన సమస్య. 1998లో ఏర్పడిన ఫౌండేషన్ ఫర్ జూయిష్ క్యాంప్ వంటి సంస్థలు కొంత సహాయం చేస్తున్నాయి. 2020లో కోవిడ్ వలన చాలా శిబిరాలు జరగలేదు. శిబిరంలో నేర్చినది ఇంటివద్ద కొనసాగకపోతే నిలవదన్నది విద్యావేత్తల ఆందోళన.

తెలుగువారిలో

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న యూదు సమాజం కలదు. తాము ఎఫ్రాయిము గోత్ర సంతతి అని వీరి విశ్వాసం. అక్కడ ప్రార్థనామందిరం ఉంది. తెలుగు మాతృభాషగా గల వీరు సబ్బాతు పాటిస్తూ హీబ్రూ నేర్చుకుంటున్నారు. మరోవైపు, అమెరికాలో పుట్టిన పిల్లలకు తెలుగు నేర్పడానికి అక్కడి తెలుగువారు 2007లో సిలికానాంధ్ర మనబడిని ప్రారంభించారు. ఇది వసతి శిబిరం కాకపోయినా, ఇంటి భాష పిల్లలకు అందదేమోనన్న చింతే దీనికి కూడా మూలం.