టీవీని గోడకు బిగిస్తున్నారా? స్టాండ్ కంటే ముందు గోడను చూడండి!

దసరా ఆఫర్‌లో కొన్న 43 అంగుళాల టీవీ ఇంటికొచ్చింది. రెండు రోజులకు బిగించే మనిషి వచ్చాడు. డ్రిల్లింగ్ మెషిన్ తీసి నాలుగు రంధ్రాలు వేసి, అరగంటలో పని ముగించి వెళ్లిపోయాడు. ఆ రంధ్రాలు ఎలాంటి గోడలో పడ్డాయన్నది మాత్రం ఎవరూ అడగలేదు. అసలు సమస్య ఇక్కడే ఉంది. స్టాండ్ ఇనుముదే, అంత తేలిగ్గా విరగదు. పట్టు వదిలేది గోడ. కింద ఆడుకునే చిన్నపిల్లలు ఉంటే నష్టం టీవీతోనే ఆగదు.

ఇక్కడి గోడలు ఒక్క తీరుగా ఉండవు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఊరూరికీ గోడ మారుతుంది. పాత పెంకుటిళ్లకు మట్టి గోడలు ఉంటాయి. రామగుండం చుట్టుపక్కల థర్మల్ ప్లాంట్ బూడిదతో చేసిన ఫ్లైయాష్ ఇటుకల ఇళ్లున్నాయి. టౌన్లలో ఎర్ర ఇటుక, కొత్త అపార్ట్‌మెంట్లలో తేలికపాటి ఏఏసీ బ్లాకులు కనిపిస్తాయి. ఆదిలాబాద్ గూడేల్లో వెదురు తడకలకు మట్టి మెత్తిన గోడలూ ఉన్నాయి. వీటన్నింటికీ ఒకే గిట్టీ, ఒకే స్క్రూ వాడితే పని చెడిపోతుంది.

మీ గోడ ఏదో తెలియకపోతే డ్రిల్ చేసినప్పుడు రాలే పొడిని చూడండి. మొదట అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా వచ్చేది ప్లాస్టర్ పొడి. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఆ తర్వాత ఎర్రగా వస్తే ఇటుక. బూడిద రంగులో, గట్టిగా తగులుతూ వస్తే ఫ్లైయాష్ ఇటుక లేదా కాంక్రీట్. తెల్లగా పిండిలా రాలుతూ బిట్టు సులువుగా దిగిపోతే ఏఏసీ బ్లాక్. మట్టి రాలితే డ్రిల్ అక్కడితో ఆపేయాలి.

ఏ గోడకు ఏది?

ఎర్ర ఇటుక, ఫ్లైయాష్ ఇటుక గోడలకు మంచి నైలాన్ గిట్టీలు సరిపోతాయి. గిట్టీ ప్లాస్టర్ దాటి ఇటుకలోకి పూర్తిగా దిగాలి. రంధ్రం ఇటుక మధ్యలో పడాలి, రెండు ఇటుకల సందులో పడితే పట్టు ఉండదు. కాంక్రీట్ అయితే యాంకర్ బోల్టులు వాడొచ్చు. అవే బోల్టులు ఇటుకలో బాగా బిగిస్తే ఇటుక పగిలే ప్రమాదం ఉంది.

ఏఏసీ బ్లాకులకు వాటి కోసమే చేసిన ప్రత్యేక గిట్టీలు దొరుకుతాయి. డ్రిల్‌ను హ్యామర్ మోడ్‌లో పెట్టొద్దు, రంధ్రం వదులైపోతుంది.

కరీంనగర్ అంటే గ్రానైట్‌కు పేరు. టీవీ గోడకు గ్రానైట్ పలక అతికించిన ఇళ్లు ఉంటాయి. అక్కడ బరువు పలక మీద పడకూడదు. పలకకు రంధ్రం వేసి, పొడవాటి స్క్రూతో వెనక గోడనే పట్టుకోవాలి. పలక దాటేవరకు హ్యామర్ మోడ్ వాడొద్దు. ప్లైవుడ్ ప్యానెల్ ఉన్నా ఇదే లెక్క.

మట్టి గోడ, తడక గోడ ఉన్న ఇంట్లో టీవీని గోడకు బిగించకపోవడమే మేలు. వెడల్పాటి గట్టి బల్ల మీద పెట్టి, టీవీని పట్టీతో బల్లకు కట్టేస్తే పిల్లలు లాగినా ముందుకు పడదు.

స్టాండ్ ఎలా ఎంచుకోవాలి?

టీవీ వెనక నాలుగు స్క్రూ రంధ్రాలు ఉంటాయి. వాటి మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో చెప్పే కొలతే వెసా. 200 బై 200, 400 బై 400 లాంటి అంకెలు టీవీ మాన్యువల్‌లో ఉంటాయి. స్టాండ్ డబ్బా మీద కూడా అదే అంకె, టీవీ బరువుకు సరిపోయే కిలోల లెక్క ఉండాలి.

స్టాండ్లు ముఖ్యంగా మూడు రకాలు. కదలనిది, కిందికి వంచేది, చేయిలా బయటికి వచ్చి పక్కలకు తిరిగేది. మూడోది చూడ్డానికి బాగుంటుంది గానీ గోడకు భారం ఎక్కువ. 15 కిలోల టీవీని 40 సెంటీమీటర్లు ముందుకు లాగారనుకోండి. పై బోల్టులకు, కింది బోల్టులకు మధ్య 20 సెంటీమీటర్ల దూరం ఉంటే పై బోల్టులను గోడలోంచి పీకే బలం దాదాపు 30 కిలోలు అవుతుంది. అంటే టీవీ బరువుకు రెట్టింపు! గోడ గట్టిదని నమ్మకం లేకపోతే కదలని స్టాండే తీసుకోండి.

ఎంత ఎత్తులో?

కూర్చున్నప్పుడు మీ కళ్లు ఉండే ఎత్తుకు టీవీ మధ్య భాగం దగ్గరగా ఉండాలి. సోఫాలో కూర్చునేవారికి నేల నుంచి సుమారు 40 అంగుళాలు. కింద చాప మీద కూర్చుని చూసే ఇంట్లో అంత ఎత్తు పెడితే మెడ నొప్పి ఖాయం. పిల్లలకు అందుతుందని పైకి జరపాల్సి వస్తే కిందికి వంచే స్టాండ్ పనికొస్తుంది.

బిగించే మనిషి వెళ్లేలోపు ఇవి చూడండి

స్విచ్‌బోర్డుకు నేరుగా పైన, కింద డ్రిల్ చేయొద్దు. గోడలోపల కరెంటు పైపు ఉండొచ్చు. స్టాండ్ సమంగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూడమనండి. టీవీ తగిలించకముందే స్టాండ్‌ను రెండు చేతులతో పట్టుకుని గట్టిగా కిందికి, ముందుకు లాగండి. కొంచెం కదిలినా, ప్లాస్టర్ రాలినా అక్కడ బిగించొద్దు, చోటు మార్చాలి. టీవీ వెనక స్క్రూలు మరీ పొడవుంటే లోపలి ప్యానెల్‌కు తగులుతాయి.

ప్లగ్ మాత్రం చేతికి అందేలా ఉండాలి. వానాకాలం ఉరుములు మొదలవకముందే ప్లగ్, కేబుల్ వైరు రెండూ తీసేయాలి కదా!

బిగించాక పని అయిపోయిందని వదిలేయొద్దు. ఏడాదికోసారి, పండుగకు ఇల్లు దులిపేటప్పుడు స్టాండ్‌ను ఒకసారి కదిపి చూడండి. గిట్టీ చుట్టూ సన్నగా పగులు కనిపిస్తే ముందు టీవీని కిందికి దించండి, రిపేర్ సంగతి తర్వాత.